పేరిందేవి మబ్బు పరీక్ష

పేరిందేవి అని, మన కోల్డ్ స్టోరేజీలో పద్నాలుగేళ్ళు టోకెన్లు రాసిన పిల్ల. పిల్లంటే ముప్పై ఆరేళ్ళు ఉంటాయిలే, నాకు పిల్లే. ఎవరి మిరపకాయల బస్తా ఏ గదిలో ఏ వరసలో ఉందో కూర్చున్న చోటి నుంచి లేవకుండా చెప్పేది. లక్ష బస్తాలనుకో, లక్షా దానికి పేరుపేరునా తెలుసు, పోతా పోతా వాటిని పలకరించేది కూడా. మరి ఏమైందంటే, షావుకారు ఒక మిషన్ తెప్పించాడంట. అది బస్తా మీద గీతలు చూసి కీచుమని ఒక అరుపు అరిచి, ఎక్కడుందో అదే చెప్పేసుద్ది. ఇంక టోకెన్లు రాసే మనిషెందుకు? అమ్మా పేరిందేవీ, ఈ సీజన్ దాకా ఉండు, ఆ తర్వాత నీ దారి నువ్వు చూసుకో అన్నాడంట. మంచిగానే అన్నాడు, టీ ఇప్పించి మరీ అన్నాడు. ఇదేమో ఏడవకుండా, ఆ మిషన్ బిగించడానికి గుంటూరు నుంచి వచ్చినాయన దగ్గరకెళ్ళి, ఈ వివరమంతా ఏ పెట్టెలో ఉంటదండీ అని అడిగిందంట. ఇక్కడేం ఉండదమ్మా, క్లౌడ్‌లో ఉంటది, మబ్బులో ఉన్నట్టు అనుకో, అన్నాడు ఆయన. మా ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీగా ఉంది, ఈ నెలాఖరులోపు ఈ క్లౌడ్ చదువులో మొదటి మెట్టు పరీక్ష పాసై కాగితం చూపిస్తే నీ పేరు చెప్తా, లేదంటే వేరేవాళ్ళని తీసుకుంటారు, అన్నాడంట. అంతే, అప్పుడు పట్టుకుంది దానికి ఆ పరీక్ష పిచ్చి.

లాప్‌టాప్ ముందు కూర్చుంది. వీడియోలు చూసుద్ది, పుస్తకం నిండా రాసుద్ది, పొద్దున చదివింది మధ్యాహ్నం అన్నం తినేసరికి ఉండదు. వారం రోజులు అట్టాగే పోయాయి. ఒకరోజు మేం తొడిమలు తీసే షెడ్డుకొచ్చి మా మధ్యన కూలబడింది. మేం పదకొండు మందిమి, మా ముందర మిరపకాయల రాశి. ఎంత రాశంటే, అవతల కూర్చున్న సైదమ్మ మొహం చూడాలంటే నేను నిచ్చెనెక్కాలి. మా షెడ్డులో ఒక పద్ధతుంది. రాశి దగ్గర కూర్చున్నాక చెయ్యి ఖాళీగా ఉండకూడదు, నోరూ ఖాళీగా ఉండకూడదు. కలెక్టరొచ్చి కూర్చున్నా సరే, నాలుగు కాయలు చేతిలో పెడతాం. "ఏందమ్మాయ్, ఊరికే కూర్చోడానికొచ్చావా, తొడిమ తియ్యి" అంది సైదమ్మ. "చదువు బుర్రకెక్కట్లేదు పిన్నీ" అంటది ఇది. "అదేదో పైకి చెప్పవే, మాకన్నా ఎక్కుద్దేమో" అన్నా నేను.

ఇంక చెప్పడం మొదలుపెట్టింది. కంపెనీలు కంప్యూటర్లు కొనుక్కోకుండా, ఎక్కడో పెద్దపెద్ద గోడౌన్లలో ఉన్నవాటిని అద్దెకి వాడుకుంటాయంట, ఎంత వాడితే అంతకే అద్దెంట. "ఓసి నీ, మన కోల్డ్ స్టోరేజీయే కదే" అన్నా. అది చేతిలో కాయకి టక్కున తొడిమ తీసి, "అదే మామ్మా, అచ్చం అదే" అంది. "మరి అక్కడ దాచింది పాడైతే తప్పెవరిదంట?" అని సైదమ్మ. "అదీ పరీక్షలో అడుగుతారు పిన్నీ." "అడిగేదేముంది, గదిలో చలి తగ్గితే షావుకారుది, తడికాయ మూటగట్టి పంపితే రైతుది" అంది సైదమ్మ. "అదే సమాధానం పిన్నీ. గోడౌన్ కాపలా వాళ్ళది, లోపల మనం పెట్టుకున్నదాని తాళంచెవి ఎవరి చేతికిచ్చామన్నది మన పూచీ" అంటది ఇది, కళ్ళు ఇంతింత చేసుకుని. మరి ఒకే సరుకు రెండు ఊళ్ళలో ఎందుకు పెడతారంటే, ఒక ఊళ్ళో కరెంటు పోయినా రెండో ఊళ్ళోది నడుస్తదంట. ఇట్టా ఒక తొడిమ తియ్యడం, ఒక మాట అనడం. ఒక తొడిమ, ఒక మాట. మేం అడుగుతుంటే అది చెప్పుద్ది, అది తప్పు చెప్తే మేం పదకొండు మందిమీ ఒక్కసారి దాని మీద పడతాం. ఇరవై రోజుల్లో చదువంతా వచ్చేసింది. దాంతోపాటు ఆరు లారీల కాయకి తొడిమ తీసింది.

పరీక్ష ఇంట్లోనే, పగలు పదకొండింటికి. గదిలో ఒక్కతే ఉండాలంట. కెమెరా వెనకాల ఎక్కడో ఒకాయన కూర్చుని చూస్తుంటాడంట, ఆయన మనకి కనపడడు, మనం ఆయనకి కనపడతాం. నన్ను తలుపు బయట కాపలా పెట్టింది. నేను నలుగురు చుట్టాలనీ, ఒక గ్యాస్ బండ్ల లారీనీ, మూడొందల కాకుల్నీ ఆ సందులోకి రానివ్వలా. లోపలేమైందో అది తర్వాత చెప్పింది. మొదటి ప్రశ్న వచ్చింది, తెలిసిందే. దీని చేతులు వాటంతటవే బల్ల కిందకెళ్ళి లేని కాయకి లేని తొడిమ తీస్తున్నాయంట, పెదాలు కదుల్తున్నాయంట. టక్కున తెర మీద మాట పడింది, చేతులు పైన పెట్టండి, పెదాలు కదపకండి, ఇంకోసారైతే పరీక్ష ఆపేస్తాం అని. చేతులు బల్ల మీద పెట్టింది, నోరు బిగించింది. అంతే, బుర్ర ఖాళీ. క్లౌడ్ అంటే ఏందో కూడా గుర్తు లేదంట. ప్రశ్న వెనక ప్రశ్న వదిలేసుకుంటా పోయింది, ఇరవై రెండు వదిలేసింది. నెలాఖరుకి ఇంక మూడే రోజులు, ఇది పోతే ఆలోపు మళ్ళీ రాయడానికి వీల్లేదు.

అప్పుడు ఏం చేసిందనుకున్నారు? కింద ఈతచాప పరిచి ఉంది. దాని కాలి బొటనవేలికి ఒక ఈనె తగిలింది. బొటనవేలికీ పక్కవేలికీ మధ్యన పట్టుకుని లాగింది. ఊడొచ్చింది. ఊడగానే సమాధానం కూడా వచ్చిందంట, కాపలా ఎవరిది, తాళంచెవి ఎవరిది అని. ఇంకో ఈనె, ఇంకో సమాధానం. పైన చూస్తే బొమ్మలాగా కదలదు, కింద కాళ్ళు రెండూ పీకుతూనే ఉన్నాయి. వదిలేసిన ఇరవై రెండూ వెనక్కొచ్చి రాసింది. తొంభై నిమిషాలకి గదిలో చాప లేదు. ఒట్టు, అంచు గుడ్డ మాత్రం మిగిలింది.

తలుపు తీసుకుని బయటకొచ్చింది. నోరు బిగించే ఉంది. "పోయిందా?" అన్నా. తల అడ్డంగా ఊపింది. "మరి వచ్చిందా?" నిలువుగా ఊపింది, పాసని అక్కడికక్కడే తెర మీద పడిందంట. "నోరు తెరవ్వే, ఆ కెమెరా ఆయన వెళ్ళిపోయాడు" అన్నా. అప్పుడు తెరిచింది చూడూ, షెడ్డు దాకా వినపడింది, సైదమ్మా వాళ్ళు రాశి వదిలి పరిగెత్తుకొచ్చారు. మా షెడ్డులో రాశి వదిలి లేవడం అదే మొదలు.

ఇప్పుడు గుంటూరులో ఆ కుర్చీలోనే ఉంది. మొన్నొచ్చి, "మామ్మా, సగం సమాధానాలు నీకు వచ్చు, నువ్వూ రాయరాదూ" అంటది. సగమేంది, ముప్పావు వచ్చు. కాకపోతే తొంభై నిమిషాలు నోరు మూసుకు కూర్చోవాలన్నారే, అంత గొప్ప ఉజ్జోగం నాకెందుకులే అన్నా.