బోల్టు మీద ఎర్ర గీత

మా అల్లుడికి ఏడాది సస్పెన్షనా? ఇంకో రెండేళ్ళు కలిపి రాయకపోయారా సెక్రటరీ గారూ, కాగితంలో చోటు మిగిలే ఉందిగా?

వద్దు, కూర్చోను. నిన్న పొద్దంతా మీ మడత కుర్చీలోనే కూర్చున్నాను, నడుం ఇంకా నా మాట వినడం లేదు.

అబ్బ, ఏం సంబరమండీ మీ క్లబ్బుది! మూరెడు హెలికాప్టర్లు, వాటిలో వేలెడు పైలట్లు. ఆ పళ్ళ డాక్టరు తన బొమ్మ పైలట్‌కి మీసం కూడా దిద్దాడు. మీ పోటీ జడ్జి గారు భూతద్దం పెట్టుకుని, అసలు హెలికాప్టరుకి ఇక్కడ ఇంకో రివెట్టు ఉంటుందంటాడు. అసలు దాన్ని ఆయన ఎప్పుడైనా ముట్టుకున్నాడా? నలభై ఏళ్ళు వాటి కింద వెల్లకిలా పడుకున్నవాణ్ణి నేను. పన్నెండో ఏట హెలికాప్టర్ల షెడ్డులో పానాలు తుడిచే పనిలో చేరాను. కంట్లో నూనె పడితే చొక్కా భుజానికి రాసుకుని మళ్ళీ పానా పట్టాను. నాకు చెబుతారా రివెట్ల గురించి!

మా అల్లుడికీ అదే చెప్పాను. నీళ్ళ మీటర్లు బాగుచేసుకునే మనిషివి, నీకెందుకయ్యా ఈ బొమ్మలాట అని. వింటేనా? మూడేళ్ళు వెనక గదిలో తలుపేసుకున్నాడు. చివరికి ఏం చేశాడో తెలుసా? నేను పనిచేసిన అంబులెన్సు హెలికాప్టరే చేశాడు. నా పాత ఫొటో ఒకటి పట్టుకుని. స్ట్రెచరు తగిలి తలుపుకి పడ్డ సొట్ట కూడా ఉంది దాని మీద. నా ముందు పెట్టి, నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

నేనేమన్నాను? బొమ్మేగా, అన్నాను.

అసలే నోట్లో మాట లేని మనిషి. వారమంతా ఊఁ, ఆఁలతోనే గడిపేస్తాడు. ఆదివారం మీ మైదానంలోనే నలుగురితో గొంతెత్తి మాట్లాడతాడని మా అమ్మాయి అంటుంది. మీరు ఏడాదిపాటు తాళం వేసింది హెలికాప్టరుకి కాదు, ఆ నోటికి.

ఏమిటీ? రెక్క ఎగిరొచ్చి కుర్చీ గుడ్డ చీల్చిందంటారా? చూశానండీ, నా పక్క కుర్చీయే. అందులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. రూలు రూలే, కాదనను. రెక్కల బోల్టులు ఎవరు బిగించారని అందరి ముందూ అడిగారు. నేనే, అన్నాడు. చేతులెత్తి ఓటేశారు. ఏం న్యాయమయ్యా, పావుగంటలో తేలిపోయింది!

ఒప్పుకున్నాడంటారా? ఒప్పుకున్నాడు. అక్కడే కదా నా కడుపు మండుతోంది.

వినండి. అతను మీ పైలట్ల మీటింగుకి వెళుతూ, మామయ్యగారూ, కాస్త చూస్తుండండి అన్నాడు. ఊరికే ఉండలేక రెక్క మీద వేలు పెట్టాను. కదిలింది. రెండోదీ కదిలింది. నాలుగూ వదులే! నా ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళు రంగులు వేసుకున్నాడు గానీ బోల్టు బిగించడం రాలేదా అనుకున్నాను. పెట్టెలోంచి పానా తీసి, నాలుగూ కదలకుండా బిగించేశాను.

నవ్వుతారేం? తెలుసు, ఇప్పుడు తెలుసు. ఆ చిన్నవాటికి రెక్కలు కాస్త వదులుగానే ఉండాలట. తిరిగే ఊపుకి వాటంతట అవే సమంగా సర్దుకుంటాయట. బిగిస్తే ఎక్కడివక్కడ వంకరగా ఉండిపోయి, మొత్తం ఊగిపోతుందట. మోకాలెత్తు లేచింది, మూర్ఛ వచ్చినట్టు కొట్టుకుంది, ముక్కలైంది. నలభై ఏళ్ళ పనితనం చూపించాను మరి.

ఇంకొకటుంది. మా షెడ్డులో ఒక పద్ధతి. బోల్టు బిగించినవాడు దాని మీదుగా ఎర్ర రంగుతో ఒక గీత గీయాలి. నేను బిగించాను, ఏం జరిగినా నాదే పూచీ అని. బిగించాక చెయ్యి ఊరుకుంటుందా? అతని రంగు సీసాలోంచే తీసి నాలుగింటి మీదా గీశాను.

కూలాక అతను ముక్కలు ఏరుకుంటుంటే కారు దగ్గర నిలబడి చూశాను. బోల్టులు చూశాడు. నా వైపు చూడలేదు. గుడ్డని రంగు కరిగించే థిన్నర్‌తో తడుపుకుని గీతలు తుడిచాడు, ఒక్కొక్కటే, నిదానంగా. ఆ తర్వాతే మీ దగ్గరికొచ్చి, నేనే అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. నోరుంది. ఊళ్ళో అందరినీ కడిగేసే నోరు. పెగల్లేదు.

ఆ ముక్కలు మీ బల్ల మీదే ఉన్నాయిగా. మూడో బోల్టు ఇలా వెలుతురులోకి తిప్పండి. మర లోపల కాస్త ఎరుపు మిగిలింది, కనబడిందా? అది నా సంతకం.

మెంబరు కానివాణ్ణి సస్పెండ్ చేసే రూలు లేదా? మరయితే ఇప్పుడు రాసుకోండి, రూళ్ళు రాయడం మీకేం కొత్త?

షెడ్డులో వేల గీతలు గీశాను సెక్రటరీ గారూ. ఒక్కటీ ఇంకొకడు తుడవాల్సిన అవసరం రాలేదు. బొమ్మ మీద వచ్చింది.

అల్లుడి పేరున్న ఆ కాగితం, ఆ పెన్ను ఇలా ఇవ్వండి.