అరువిచ్చిన నేల, పూడిపోయిన కందకం

నా పేరు టగోబె ఎగారి. పాపువా న్యూ గినీ దేశం, హేలా రాష్ట్రం, తారి పట్నం అవతలి లోయ మాది. వయసు డెబ్బై దాటింది. మిషన్ బడిలో రెండు తరగతులు చదివాను. చిలగడదుంపలు పండిస్తాను, పందులు పెంచుతాను.

నా వాంగ్మూలం రాసుకుంటున్న పోలీసు సార్జెంట్ టోవాలి గారిది సముద్రపు ఒడ్డు, మా హులీ భాష రాదు. అందుకని నా మాటలను గ్యాస్ కంపెనీ దుబాసీ ఇంగ్లీషులో చెబుతోంది. ఆ దుబాసీ నా కూతురు రోస్లిన్. ఎంత ధారాళంగా మాట్లాడుతోందో వినండి సార్! ఇంత కడుపుమంటలోనూ నా గుండె పొంగిపోతోంది. ఆమెకు ఆ ఉద్యోగం వచ్చిన రోజున నా పెద్ద పందిని కోసి లోయంతా పంచాను.

మా నేలలో గ్యాస్ గొట్టం వేయడానికి ముందు కంపెనీ వాళ్లు మా తోటలో సభ పెట్టారు. గ్యాస్ ఓడలెక్కుతుంది, దేశం వెలుగుతుంది అన్నాడు కంపెనీ తెల్లాయన. నేల సంగతి వచ్చేసరికి రోస్లిన్, "నాన్నా, వాళ్లు అరువు తీసుకుంటున్నారు. గొట్టం పూడ్చాక మళ్లీ మనదే" అంది. అరువు అనే అంది.

నా తమ్ముడు పావే, "అన్నా, గ్యాస్ నేల కింద నుంచి వస్తోందా, నీ కూతురి నోట్లోంచి వస్తోందా?" అని వెక్కిరించాడు. "నోర్ముయ్యరా" అని, అందరికంటే ముందు నేనే వాళ్ల కాగితం మీద వేలిముద్ర వేశాను. నన్ను చూసి మిగతావాళ్లు వేశారు.

మాలో నేల అరువు తీసుకున్నవాడు హద్దు కందకం పూడిక తీసి మరీ తిరిగి అప్పగిస్తాడు. నా తోట హద్దున ఉన్నది మా తాత తవ్విన కందకం. దిగితే మనిషి తల కనపడదు. కందకం ఉంటేనే నేల మాది. కంపెనీ అందులోంచి గొట్టం వేసి, మట్టితో నింపి, చదును చేసి, గడ్డి చల్లి వెళ్లిపోయింది. సోమవారం పొద్దున నేనే పార పట్టాను. నడుం లోతు తవ్వేసరికి కంపెనీ కాపలావాళ్లు పట్టుకున్నారు. గొట్టం పగలగొట్టబోయానట. గొట్టం నాకెందుకు సార్? నాకు కావలసింది కందకం.

ఈ స్టేషనుకు తెచ్చాక, "అరువు అన్నావు కదమ్మా, సారుకు చెప్పు" అన్నాను. కంపెనీ ఆయన పక్కనే ఉన్నాడు. ఇప్పుడూ ఇక్కడే ఉన్నాడు. "నేనలా అనలేదు నాన్నా. నీకు సరిగా వినపడి ఉండదు" అంది. పక్క కొండ మీద పంది అరిస్తే అది ఎవరి పందో చెబుతాను సార్. అనలేదట. అనలేదట! ఆ మాట నిలవకపోతే నేను జైలుకు, నేల కంపెనీకి.

చూడండి, ఆగిపోయింది. చెప్పమ్మా, ఇది కూడా చెప్పు. నా కూతురు అరువు అంది, నా కూతురని నమ్మాను. నా బంగారు తల్లీ, ఇదే మాట చెప్పు.

చెబుతోంది. చాలాసేపు చెబుతోంది. ఏం చెబుతోందో నాకు తెలియదు.

నా నోటి నుంచి వచ్చినంతవరకు ఇది జరిగింది జరిగినట్టే. ఎవరికీ భయపడి గానీ, దేనికీ ఆశపడి గానీ చెప్పలేదు.

టగోబె ఎగారి, ఎడమ బొటనవేలి ముద్ర

దుబాసీ మాట: పై మాటల్లో దేనినీ వదలలేదు, దేనినీ చేర్చలేదు. సభలో తెల్లాయన అన్నది, నేల "శాశ్వతంగా" కంపెనీదే అని. నాన్న ముఖం చూసి ఆ మాట అనలేకపోయాను. అరువు అన్నది నేనే.

రోస్లిన్ టగోబె, సంతకం