ఆనుకున్న వేళ్లు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వస్తున్న బస్సులో, నా ముందు సీట్లో అక్కాచెల్లెళ్లు కూర్చున్నారు. చెల్లెలు స్కూలు యూనిఫాంలో ఉంది.

“నాయనకు తెలిస్తే బడి మాన్పిస్తాడు అక్కా. పాస్టరు కూతురు యోగా పోటీలో ఓం అనిందంటే సంఘం ఊరుకుంటాదా?”

“మెల్లగా మాట్లాడు. పెదాలు కదిపినావా, నిజంగానే అన్యావా?”

“సారు పక్కనే నిలబడినాడు. అన్యా.”

“వేళ్లో? బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు పెట్టమంటి గదా. ఆ బడిలో మూడేండ్లు నేనట్లే నెట్టుకొచ్చినా. వేళ్లు ఆనకుంటే ముద్ర పడదు, ముద్ర పడకుంటే మంత్రం లెక్కలోకి రాదు.”

“మొదట పెట్టినా. తర్వాత అవే ఆనుకున్యాయి.”

“తీసేయాల్సింది, మొద్దుదానా!”

“తీయబుద్ధి కాలేదక్కా. పొద్దున్నుంచి దడదడ కొట్టుకుంటాండిన గుండె అప్పుడే నిమ్మళించింది. నాకు అదే భయమైతాంది.”

అక్క చెల్లెలి వేళ్లను తన గుప్పిట్లోకి తీసుకుంది.

“ఈ మాట నాయన దగ్గర ఎత్తద్దు. పోటీకి పోయి ఊరికే కూర్చున్యానని చెప్పు.”

“చెప్తాలే. కానీ మాపటి ప్రార్థనలో నాయన నా నెత్తిన చెయ్యి పెడతాడు గదా. ఆ చేతికి తెలిసిపోదా అక్కా?”