తెల్లబడ్డ కన్ను

కంటి ఆసుపత్రిలో డాక్టరు గది బయట, వరండాలో ఒక బల్ల. దాని మీద భార్యాభర్తలు. ఆమె ఎడమ కంటికి ప్లాస్టిక్ మూత పెట్టి, చుట్టూ పట్టీ అంటించారు.

"గట్టిగా మాట్లాడకు. అందరూ మనవైపే చూస్తున్నారు."

"చూడనివ్వండి. కళ్ళున్నవాళ్ళు చూస్తారు. ఇటుపక్క మీరు కూర్చున్నారో లేచి వెళ్ళిపోయారో కూడా నాకు తెలియట్లేదు."

"ఇక్కడే ఉన్నాగా."

"ఉంటే చెప్పండి. సీసా ఏదీ?"

"మళ్ళీ మొదలుపెట్టావా?"

"లోపల డాక్టరమ్మ అడిగింది కదా. రెండోసారి ఏ చుక్కల మందు వేసుకున్నావమ్మా, ఆ సీసా ఏదమ్మా అని. నేను మీ వైపు తిరిగాను. మీరేమో గోడ మీద కన్ను బొమ్మ చూస్తూ నిలబడ్డారు."

"పారేశాను."

"ఎప్పుడు?"

"ఎప్పుడో. గుర్తులేదు."

"నిన్న సాయంత్రం మంచినీళ్ళకని గోడ పట్టుకుని వంటింట్లోకి వస్తే అరమరలో ఉంది. ఉన్న ఒక్క కన్నుతో చూశాను."

"అయితే ఆ తర్వాత పారేసి ఉంటాను."

"పారేసి ఉంటారా? మీరు నిజం చెప్పేటప్పుడు 'పారేశాను' అంటారు. 'ఉంటాను' ఎప్పుడంటారో నాకు తెలుసు."

"ఇప్పుడా సీసాతో ఏం పని చెప్పు? కొత్త మందు మొదలుపెడతామన్నారుగా. పుండు మానుతుందన్నారుగా."

"పుండు మానుతుందన్నారు. చూపు వస్తుందనలేదు. నల్లగుడ్డు మీద మచ్చ మిగులుతుందట. మిగిలితే మిగిలింది, ఏ పక్కనో కాదు, సరిగ్గా నడిమధ్యన. నేను కాలర్లు కుట్టేదాన్ని. సూదికీ వేలికీ మధ్య ఎంత ఎడం ఉందో ఒంటికన్నుతో తెలుస్తుందా? మీరొకసారి కన్ను మూసుకుని ఆ కిటికీ గడియ పట్టుకోండి, చూద్దాం."

"నన్నెందుకు సాధిస్తావు? నేనేమైనా కావాలని చేశానా?"

"కావాలని ఎవరు చేస్తారు? మొదట్లో నాకేమైంది? పొద్దున్నే లేస్తే రెప్పలు అంటుకుపోయి, పసుపుపచ్చగా పుసి. అంతే కదా. మన వీధి చివర డాక్టరు చూసి చుక్కల మందు రాశాడు. చేతులు కడుక్కోమన్నాడు, కింది రెప్ప లాగి ఒక్క చుక్క వేసుకోమన్నాడు, సీసా మూతి కంటికీ వేలికీ తగలనివ్వొద్దన్నాడు. తగ్గినట్టున్నా మధ్యలో మానొద్దు, రాసినన్నాళ్ళూ వెయ్యాలి అన్నాడు. ఒకరి మందు ఇంకొకరు వాడకూడదు అని మిమ్మల్ని చూసి మరీ చెప్పాడు. నేను తు.చ. తప్పలేదు. సగానికి సగం తగ్గిపోయింది కూడా. అప్పుడు మీకు కన్ను దురద పెట్టింది."

"నీ నుంచే అంటుకుంది నాకు."

"అంటుకుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నా సీసా పుచ్చుకుని మంచం మీద వెల్లకిలా పడుకున్నారు. మూతి కంటికి ఆనించి, దొడ్లో మొక్కకి నీళ్ళు పోసినట్టు పోసుకున్నారు. చెంపల మీద కారింది, దిండు మీద కారింది. కంట్లోకి పోయిందెంతో ఆ దేవుడికే తెలియాలి."

"ఇంట్లో మందు పెట్టుకుని మళ్ళీ ఆసుపత్రి చుట్టూ తిరగమంటావా?"

"ఇంట్లో మందు కాదండీ అది. నా కంటి మందు. మీకు అసలు పుసి కట్టిందా? మీ ఫ్యాక్టరీలో దుమ్ము పడింది, చన్నీళ్ళతో పోయింది. నా మందు మాత్రం మధ్యలో అయిపోయింది."

"అయిపోతే ఊరుకున్నానా? ఆ సాయంత్రమే వెళ్ళి తెచ్చాను కదా!"

"తెచ్చారు. నేను పాత అట్టపెట్టె చేతికిచ్చి, ఇదే తెండి, ఇదే తెండి అని చెప్పి పంపితే, మీ తమ్ముడి మందుల షాపు నుంచి వేరేది తెచ్చారు."

"ఆ మందు అప్పటికి వాడి దగ్గర లేదే! ఇది దానికన్నా పవరు వదినా అన్నాడు, నువ్వూ ఫోన్లో విన్నావు. ఎరుపు తెల్లారేసరికి దిగిపోతుందన్నాడు. దిగిందా లేదా?"

"దిగింది."

"మరి? ఆ మాటా చెప్పు డాక్టరమ్మకి."

"చెప్పాను. దిగింది కాబట్టే నమ్మాను. అద్దంలో చూసుకుంటే కన్ను మల్లెపువ్వులా ఉంది. నొప్పి పెడుతుంటే, తగ్గేముందు అలాగే ఉంటుందిలే అని కుట్టుమిషను మీద కూర్చున్నాను. డాక్టరమ్మ ఏమందో విన్నారా? ఎరుపంటే ఇంటి కాపలావాళ్ళు దొంగతో కలబడుతున్నట్టమ్మా, నీకు వేసిన మందు కాపలావాళ్ళని నిద్రపుచ్చింది, దొంగని లోపలే వదిలేసింది అంది. పైకి తెల్లగా ఉంది, లోపల తినేసింది."

"చిన్నోడు మంచికే ఇచ్చాడు."

"మంచికే ఇచ్చాడు. మీరు మంచికే తెచ్చారు. నేను మంచికే వేసుకున్నాను. ఇంతమంది మంచివాళ్ళం కలిసి నా కన్ను తీశాం."

"అమ్మా, మీరేనా ఎడమ కన్ను పుండు కేసు? సీసా దొరికిందా?"

"లేదు సిస్టర్. మావారు పారేశానంటున్నారు."

"అయ్యో, డాక్టరుగారు మళ్ళీ అడిగారమ్మా. అందులో ఎరుపు దించే స్టెరాయిడు ఏ రకమో చూడాలట. మూత తీసి చాలా రోజులైంది కదా, క్రిములు సీసాలోకి కూడా చేరాయేమో, పరీక్షకి పంపుదామన్నారు. సార్, పోనీ పేరైనా గుర్తుందా?"

"లేదండీ. చిన్న సీసా. తెల్ల మూత."

"అన్నీ చిన్న సీసాలే సార్. సరే, పారేసి మంచి పని చేశారు. ఇంకొకరి కంట్లో పడితే వాళ్ళకీ ఇదే గతి. ఇంట్లో ఇంకెవరూ వాడలేదు కదా?"

"లేదు లేదు. లేదండీ. ఎవరూ వాడలేదు."

"సరే కూర్చోండి, పిలుస్తాను."

"వెళ్ళిందా సిస్టరు?"

"వెళ్ళింది. చూడూ, ఒక్క మాట చెబుతా, కోప్పడకు. లోపల మళ్ళీ అడిగితే చిన్నోడి షాపు అని చెప్పకు. బస్టాండు దగ్గర ఏదో షాపులో కొన్నాం అను."

"ఎందుకు?"

"డాక్టరు చీటీ లేకుండా అలాంటి మందు ఇవ్వకూడదట. రాసి పంపారంటే వాడి షాపు మూయిస్తారు. వాడికి పెళ్ళాం పిల్లలు ఉన్నారు. అమ్మ తట్టుకోలేదు."

"నా కన్ను మూతపడినా ఫర్వాలేదు, వాడి షాపు తెరిచి ఉండాలి."

"అలా అనకు. అన్నదమ్ములం, రేపు మొహమొహాలు చూసుకోవాలి."

"మీరు చూసుకుంటారు. నేను సగమే చూస్తాను."

"అబ్బా..."

"సరే, చెప్పను. ఏం భయపడకండి, చెప్పను. వాడి షాపు వాడికుంటుంది. పేరు మాత్రం కావాలి. మీ తమ్ముడికి ఫోన్ చేసి అడగండి."

"ఇప్పుడు బేరాల మీద ఉంటాడు."

"ఎత్తుతాడు. చేయండి."

"సాయంత్రం అడుగుతాలే."

"మందు ఇప్పుడు రాస్తారా, సాయంత్రం రాస్తారా? పోనీ ఇంటికి చేయండి. అత్తయ్యని చెత్తబుట్టలో చూడమందాం. మీరు నిన్న పారేసి ఉంటే ఇంకా అందులోనే ఉంటుంది."

"ఇంటికొద్దు."

"ఏం?"

"వద్దన్నానా. అమ్మకి ఇవన్నీ తెలియవు, కంగారు పడుతుంది."

"చెత్తబుట్ట చూడ్డానికి కంగారెందుకు? ఇటు తిరగండి. ఇటు, నా మంచి కంటి వైపు. అరమరలోనే ఉంది కదా?"

"అరమర సంగతి ఇప్పుడెందుకు?"

"ఉంటే ఉందని చెప్పడానికేం? చెత్తలో ఉందన్నా అరమరలో ఉందన్నా నేనేమీ అనను. వెళ్ళి తెండి, అంతే. ఆటోలో వెళ్ళి రండి."

"తేలేను."

"తేలేరా? ఎవరి దగ్గరుంది?"

"చిట్టి..."

"చిట్టికేమైంది?"

"అరవనంటే చెబుతాను."

"చిట్టికేమైందండీ?"

"మొన్న పొద్దున్న లేచేసరికి కన్ను అంటుకుపోయింది. నీలాగే, పుసి. నువ్వేమో గదిలో తలుపులేసుకుని నొప్పితో మూలుగుతున్నావు. చెబితే లేచి కూర్చుంటావని చెప్పలేదు."

"పిల్ల నా గదిలోకి రావట్లేదేంటంటే పరీక్షలకి చదువుకుంటోందన్నారు."

"చదువుకుంటోంది కూడా."

"ఏ మందు వేశారు?"

"అమ్మ అడిగింది, ఇంట్లో ఏమైనా ఉందా అని. నీకు ఎరుపు దిగింది కదా దానితో... నాకేం తెలుసు? నేను డాక్టర్నా? మొన్నటికి నీకు పుండని తెలియదు, ఏమీ తెలియదు. అరమరలో ఉంది, వెయ్యి అన్నాను."

"మొన్నటికి తెలియదు."

"అదే కదా చెబుతున్నా!"

"లోపల డాక్టరమ్మ చెప్పినప్పుడు తెలిసింది కదా? కాపలావాళ్ళు, దొంగ అని చెప్పినప్పుడు మీరు పక్కనే ఉన్నారు. అప్పుడు తెలిసింది కదా? మనం బయటికొచ్చి ఎంతసేపైందండీ? మన ముందు కూర్చున్నవాళ్ళంతా లోపలికెళ్ళి వచ్చేశారు. ఇంతసేపూ మీ తమ్ముడి షాపు సంగతి మాట్లాడుతూ కూర్చున్నారా?"

"నీకెలా చెప్పాలో తెలియలేదు."

"నాకు కాదు! నాకు చెప్పకపోతే మానెయ్యండి. ఇంటికి ఒక్క ఫోను! అమ్మా, ఆపవే అని. సిస్టరు అడిగితే ఎవరూ వాడలేదన్నారు. బిడ్డ పేరు నోట్లో పెట్టుకుని లేదు లేదు అన్నారు!"

"కూర్చో. కూర్చో, తల తిరుగుతుంది నీకు."

"ఫోనివ్వండి. మీరే నొక్కండి, నాకు అంకెలు కనపడట్లేదు. నొక్కారా? ఇలా ఇవ్వండి. మీరు దూరంగా జరగండి... హలో? అత్తయ్యా? ఎవరూ, చిట్టీ, నువ్వేనా? నాన్నా, నానమ్మ ఏదీ?"

"మిద్దె మీద బట్టలారేస్తోందమ్మా. నీకు కట్టు కట్టారా?"

"కట్టారులే. చిట్టీ, నా మాట విను తల్లీ. నానమ్మ నీ కంట్లో వేస్తోంది కదా, చిన్న సీసా, తెల్ల మూత. అది ఇంక వేయించుకోకు. ఒక్క చుక్క కూడా. నానమ్మని పిలిచి ఫోనివ్వు, ఇద్దరూ ఉన్నపళంగా ఆటో ఎక్కి ఇక్కడికి వచ్చేయండి."

"ఇంక అక్కర్లేదమ్మా! నా ఎరుపంతా పోయింది. కన్ను ఎంత తెల్లగా అయిపోయిందో, నానమ్మ దిష్టి కూడా తీసింది. ఆ కంటితో చూస్తే మాత్రం అంతా పొగ పట్టినట్టుంది. తెల్లబడేటప్పుడు అలాగే ఉంటుందా అమ్మా?"