చెవితో నొక్కిన స్టాప్‌వాచ్

మూడు రోజులుగా ముసురు. గోధుమ చేలు తడిసి ముద్దయ్యాయి, కోత యంత్రాలు షెడ్లలోంచి కదల్లేదు. చేలో కోతలు ఆగిపోతే గ్రేబర్‌విల్‌లో రైతుల కో-ఆప్ గోదాము ముందుగదిలో కోతలు మొదలవుతాయి. ఈ ఏడు ఆ పీఠం హార్లన్ ప్రూయిట్‌ది.

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళు ఓ పెద్ద బేస్‌బాల్ జట్టుకి స్కౌట్‌గా ఊళ్ళు తిరిగి, కాలేజీ మైదానాల్లో కుర్రాళ్ళని వెతికిపెట్టాడట. నాలుగు నెలల కిందట కూతురింటికి వచ్చి చేరాడు. మెడలో స్టాప్‌వాచ్ ఇంకా వేలాడుతూనే ఉంటుంది.

గుమ్మం పక్కన స్టూలు మీద లైల్ రీమర్ కూర్చున్నాడు. లారీలు తూకం వేసే ఉద్యోగం అతనిది. లారీలు రాకపోతే పనీ లేదు. కాఫీ కప్పు ఎడమచేత్తో పట్టుకున్నాడు. అతని కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవక ఇరవై రెండేళ్ళయింది. బయట వాన కాస్త తెరిపిచ్చింది, రైలు పట్టాల అవతల ధాన్యపు కొట్టు పైకప్పు మీద మెర్ల్ రేకులు బిగిస్తున్నాడు. ఆ సుత్తి చప్పుడు లోపలికి వినిపిస్తూనే ఉంది.

"జూన్ నెలొస్తే నాకు అదే గుర్తొస్తుందయ్యా," అన్నాడు హార్లన్. "డ్రాఫ్ట్ ఇంకా పది రోజులుంది. పెద్ద జట్లన్నీ కాలేజీ కుర్రాళ్ళని పంచుకునే రోజు కదా, దేశంలో ఉన్న స్కౌట్లందరూ ఈగల్లా ముసురుతున్నారు. నేనేం చేశానో తెలుసా? ఎవరికీ తెలీని ఓ క్యాచర్ని పట్టాను. ఈ చుట్టుపక్కల కుర్రాడే. పేరు చెప్పను, వాడి పరువెందుకు తియ్యడం?"

"పరువు తియ్యనంటూనే మొదలెట్టావుగా బాబాయ్!" అన్నాడు డ్వేన్, లైల్‌తో బడికెళ్ళినవాడు.

"విను ముందు. బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్‌కి చెయ్యే ప్రాణం. ఎదుటి జట్టువాడు రెండో బేస్‌కి దొంగపరుగు తీశాడనుకో, గొంతుక్కూర్చున్నవాడు లేచి వాడికంటే ముందు అక్కడికి బంతి విసరాలి. తన గ్లవ్‌లో టప్పుమన్న దగ్గర్నుంచి రెండో బేస్‌లో ఉన్నవాడి గ్లవ్‌లో పడేదాకా రెండు సెకన్లు పడితే గట్టివాడు. ఈ పిల్లాడికి ఎంత పట్టిందో తెలుసా? ఒకటి పాయింట్ ఎనభై ఒకటి!"

డ్వేన్ చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. లైల్ వైపు చూశాడు. కాఫీ పోస్తున్న వాండా కూడా చూసింది. ఊళ్ళో ఆ అంకె తెలియనివాళ్ళు లేరు. లైల్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఆ అంకె అతనిదే. దాన్ని నమ్ముకునే కాలేజీ చివరి ఏడు వదిలేసి జట్టుతో వెళ్ళాడు. శిక్షణ శిబిరంలో వాళ్ళ గడియారాలు ఎన్నిసార్లు చూసినా రెండు పాయింట్ పదిహేడే చూపించాయి. "ఆ చెయ్యి ఏం చేసుకున్నావు?" అని అడిగారు. పోయిన చెయ్యి తిరిగి రావాలని అందరూ వెళ్ళిపోయాక రోజుకి రెండొందల బంతులు విసిరాడు. ఆగస్టులో భుజంలో కండ తెగింది. ఆ అంకె ఎవరి గడియారంలోంచి వచ్చిందో అతనికి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడా గడియారం ఎదురుగా ఓ ముసలాడి బొజ్జ మీద ఊగుతోంది.

"మిగతా స్కౌట్లేమన్నారు?" అని అడిగాడు లైల్, మామూలుగా.

"వాళ్ళ మొహం! అందరూ బ్యాటర్ వెనకాల కుర్చీల్లో వరసగా కూర్చుని రెండు పాయింట్ పదిహేను, పద్దెనిమిది అని రాసుకున్నారు. గుడ్డి వెధవలు! నేను వాళ్ళ పక్కన కూర్చుంటానా? నేనెవర్ని చూస్తున్నానో కనిపెట్టెయ్యరూ? మైదానం ఆ చివర, సెంటర్ ఫీల్డ్ కంచె అవతల, నాలుగొందల అడుగుల దూరంలో నా ట్రక్కు పెట్టుకుని, టోపీ మొహాన కప్పుకుని పడుకున్నాను. నిద్రపోతున్నాననుకున్నారు అందరూ."

"పోనీ నిద్రపోయావేమో!" అంది వాండా.

"నిద్రపోయినా నా చెవి మేలుకునే ఉంటుందమ్మా! అదీ నా విద్య. మొదలు చెవితో, చివర కంటితో. గ్లవ్ టప్పుమనగానే బొటనవేలు నొక్కేస్తుంది, అప్పుడు టోపీ కొంచెం ఎత్తి రెండో బేస్ చూస్తాను. ఈ విద్య ఇంకెవడికీ రాదు. సరే, మొదటి బంతి విసిరాడు. మధ్యలో నిలబడి బంతులేసే పిచ్చర్ తల మీంచి పోతే వాడి టోపీ ఎగిరి నా ట్రక్కు మీద పడింది."

"నాలుగొందల అడుగులా?"

"నాలుగొందల పది. రెండో బంతికి పిచ్చర్ ముందు జాగ్రత్తగా నేల మీద బోర్లా పడుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాన మొదలైంది. చినుకుల్లోంచి బంతి వెళ్తుంటే, ఒట్టు, వాన పాపిడి తీసినట్టు రెండుగా చీలిపోయింది! రెండో బేస్ కుర్రాడి గ్లవ్‌లోంచి పొగ. వాడు గ్లవ్ తీసి బురదలో ముంచుకున్నాడు."

"నాలుగు కోడిగుడ్లు పెట్టుంటే అట్టు వేసుకునేవాడు," అన్నాడు డ్వేన్. నవ్వాడు గానీ ఆ నవ్వు గొంతు దాటలేదు.

"దొంగపరుగు తీసినవాడు సగం దారిలో ఆగి, వెనక్కొచ్చి, క్యాచర్‌కి క్షమాపణ చెప్పుకుని, బూట్లు విప్పేసి ఇంటికి పోయాడు. ఇప్పుడు పాస్టరు. మూడో బంతికి పైన ఎగురుతున్న డేగ ఒకటి గాలిదెబ్బకి తిరగబడి, వెల్లకిలా ఎగురుకుంటూ పక్క జిల్లాకి పోయింది. నేను ఆ సాయంత్రమే వాళ్ళింటికెళ్ళాను. వాళ్ళ నాన్న నన్ను కావలించుకుని ఏడ్చాడయ్యా! 'మావాడి చేతిని దేవుడు చూశాడు, ఆ తర్వాత మీరు చూశారు' అన్నాడు."

లైల్ తండ్రి పీటర్ రీమర్ తాగుడిని పాపమనే మెనొనైట్ చర్చిలో పెద్ద. భార్య పోయినరోజు కూడా నలుగురిలో ఏడవని మనిషి. ఆ ఇంటి మెట్లు ఏ స్కౌటూ ఎక్కలేదు. వేరే ఎవరో వచ్చి కాలేజీ ఆఫీసులో సంతకం పెట్టించుకుని పోయారు, అంతే. లైల్ కప్పు కింద పెట్టాడు.

"మరి అంతటివాడు ఏమైపోయాడు?" వాండా అడిగింది. అడిగాక నాలుక కరుచుకుంది.

హార్లన్ గొంతు తగ్గించాడు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? తాగుడు! అమృతభాండం లాంటి చెయ్యి, సీసాలో పోసుకుని తాగేశాడు. శిబిరంలో రెండు పాయింట్ పదిహేడు వేశాడని నాకు కబురొచ్చింది. నా గడియారం అబద్ధమాడదు కదా, మరి వాడే చెడిపోయుండాలి. నేనే స్వయంగా వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. 'అయ్యా, మీవాడు తాగి చెయ్యి పాడు చేసుకుంటున్నాడు, చూసుకోండి' అని. మనసున్నవాణ్ణి కదా!"

జట్టు నుంచి ఎవరో ఫోన్ చేశారని లైల్‌తో తండ్రి ఒక్కసారే అన్నాడు, ఏం చెప్పారో అనలేదు. ఆ రోజు నుంచి పదకొండేళ్ళు, పోయేదాకా, ఒకే బల్ల దగ్గర అన్నం తింటూ కొడుకు మొహం చూడలేదు. చుక్క ముట్టనివాడు లైల్. అడిగితే చెప్పేవాడు. ఆయన అడగలేదు.

"పెద్దాయనా," అన్నాడు లైల్ లేస్తూ, "ఆ గడియారం పట్టుకుని ఇలా గుమ్మంలోకి రా."

"ఎందుకయ్యా?"

"నీ విద్య చూద్దామని."

పొగడ్త అనుకుని హార్లన్ హుషారుగా వచ్చాడు. లైల్ పట్టాల అవతలికి చూపించాడు. "అక్కడ మెర్ల్ సుత్తితో కొడుతున్నాడు. ఇక్కణ్ణుంచి ఆ కొట్టు నాలుగొందల అడుగులు, నేనే టేపు పట్టి కొలిచాను. సుత్తి రేకు మీద పడ్డం కంటితో చూసి నొక్కు. చప్పుడు చెవిన పడగానే ఆపు."

హార్లన్ నొక్కాడు, ఆపాడు. సెకనులో నూరింట ముప్పై నాలుగు వంతులు. మళ్ళీ. ముప్పై ఎనిమిది. మూడోసారి ముప్పై ఆరు. అవతల మెర్ల్ సుత్తి పైకెత్తేశాక గానీ దెబ్బ ఇవతల వినపడ్డం లేదు. దూరాన కట్టెలు కొట్టేవాణ్ణి చూసిన ఎవడికైనా తెలిసిన సంగతే. హార్లన్ బొటనవేలు గడియారం మీద అలాగే ఉండిపోయింది.

"ఒకటి ఎనభై ఒకటికి ముప్పై ఆరు కలిపితే..." అని వేళ్ళు మడిచాడు డ్వేన్. "రెండు పదిహేడు."

"టప్పుమనడం నీ చెవిని చేరేసరికి బంతి విసరడానికి చెయ్యి లేచిపోయింది," అన్నాడు లైల్. "మొదటి రోజు నుంచీ అది రెండు పదిహేడే. పోయిందనుకుని వెతుక్కున్నాను. అసలు లేనే లేదు."

హార్లన్ తల తిప్పి మొదటిసారి అతని మొహం చూశాడు, తర్వాత వేలాడుతున్న కుడిచేతిని. ఆ మొహం అతనికి తెలిసే వీల్లేదు, తూకం వేసేవాడి పేరు అతనెప్పుడూ అడగనూ లేదు. నాలుగొందల అడుగుల దూరం నుంచి, అదీ క్యాచర్ ముసుగు వెనక చూసిన మొహం.

"ఇలా ఎంతమందిని కొలిచావు బాబాయ్?" అన్నాడు డ్వేన్.

"ఒక్కణ్ణే," అన్నాడు హార్లన్. "మిగతా అందర్నీ దగ్గర్నుంచే చూశాను. ఇతన్నే... వేరేవాళ్ళు ఎగరేసుకుపోతారేమోనని."

కొట్టేవాడైతే లైల్ కొట్టేవాడే. కోపం వచ్చింది, చాలా వచ్చింది, కానీ ఆ కోపాన్ని ఎత్తడానికి చెయ్యి లేదు. గోడకున్న తన టోపీ తీసుకున్నాడు.

"మా నాన్న పేరు పీటర్ రీమర్. పోయి పదకొండేళ్ళయింది, చర్చి వెనకాల ఉంటాడు. అప్పుడు ఆయనకి ఫోన్ చేసినంత తేలిగ్గా ఇప్పుడు చెయ్యలేవు. నడిచి వెళ్ళు. కంచె అవతల పడుకోవడం దగ్గర్నుంచి సుత్తి చప్పుడు దాకా మొత్తం చెప్పు. ఒక్క ముక్క పెంచకు."

ముసలాయన గడియారం మెడలోంచి తీశాడు. ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. బయట వాన మళ్ళీ పట్టింది.

"సమాధి ఏ వరసలో?" అని అడిగాడు.

లైల్ ఎడమచేతి వేళ్ళు మూడు చూపించాడు.