మొగిలిగౌడు తాడెక్కించిన మర

రెండువేల పద్దెనిమిది, చలికాలం. మొగిలిగౌడు తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు. బతికిండు గానీ కుడికాలు మోకాలు కాడ మడతపడుడు బందైంది. కల్లు గీసేటోనికి కాలు మడతపడకపోతే ఇగ ఏమున్నది చెప్పుండ్రి, ఇంట్ల కూసున్నడు. వాగొడ్డున ఆయన గీసే చెట్టొకటి ఉండె, అదంటే ఆయనకు పానం. పొద్దుగాల చెట్టుకొక గౌడు ఎక్కుతడు గదా, ఈ చెట్టు మీదికెల్లి ఆ చెట్టు మీదికి ముచ్చట్లు నడుస్తయి. కింద ఎదురుపడితే మొఖం తిప్పుకునేటోళ్ళు గూడ మీదికి పోతే నవ్వుకుంటరు. మొగిలిగౌడు మంచంల పండుకొని ఆ ముచ్చట్లు దూరంకెల్లి ఇంటుండెనంట. మాట తెలుస్తలేదు, నవ్వు ఒక్కటి తెలుస్తున్నది. ఆయనకు కావలసింది కల్లు కాదు, అది. బామ్మర్ది సాంబయ్య వచ్చి, "బావా, నీ చెట్టు నేను గీస్త, కల్లు లొట్టి తెచ్చి నీ గడపల పెడ్త" అన్నడు. నా చెట్టు మీద ఇంకోని కాలు పడద్దు అన్నడంట ఈయన. "మరి నీ కాలు పడదాయె?" "పడకపోతే నేను చేసిన కాలు పడుతది, నువ్వు పో."

ఏమైందంటే, ఆయన ఫోన్ల చూసిండు, ఎవలో రోబో చేసిండ్రంట, అది గోడ ఎక్కుతున్నదంట. ఇగ పట్టుకున్నడు. పాత కార్ల అద్దాలు తుడిచే మోటార్లు తెచ్చిండు, బండి బ్యాటరీ తెచ్చిండు, పోరగాండ్లు ఆడుకునే కారు రిమోటు తెచ్చిండు, ఇనుప కమ్ములు అతికించుకొచ్చిండు. అది తనెట్ల ఎక్కేటోడో అట్లనే ఎక్కాలెనంట. మోకుంటది చూడుండ్రి, నడుముకు చెట్టుకు కలిపి చుట్టుకునే తాడు, తన మోకే తీసి మరకు చుట్టిండు. ఆయన పెండ్లాం కౌసల్య ఊకుంటదా? "నా మెడల పుస్తె గూడ తీసిస్త, దానికే కట్టు" అన్నది. ఈయన నవ్వలే. మర చెయ్యెత్తింది, కాలెత్తింది, జర్రున జారి కూలబడ్డది. మల్ల చేసిండు, మల్ల జారింది. ఇంకోపారి చేసిండు, ఇంకోపారి జారింది. తల పట్టుకొని కూసుంటే కౌసల్య చేపలు తోముకుంటనే అన్నదంట, "మనిషైతే మోకు మీద ఎనుకకు ఆనుకొని కూసుంటడు. నీ మరకు పిర్రలేవి?" నవ్వకుండ్రి, నిజమే గదా! బరువు ఎనుకకు పడితేనే మోకు బిగుస్తది. బండరాయిని సంచిల ఏసి మర ఎనుక కట్టిండు. ఇగ ఎక్కింది అనుకో, సగం దాక ఎక్కింది. ఊరంత వచ్చి చూస్తుంటే మోటరుకెల్లి పొగలొచ్చినయి. ఆ రాయిని మోసే బలం దానికి లేదాయె. సగంల కాలిపోయి, కోతిపిల్ల లెక్క చెట్టును కరుచుకొని ఉన్నది. సాంబయ్య నేనెక్కి దించుతనంటే ఒప్పలే. వాసానికి వాసం కట్టి, పొడిచి పొడిచి తనే దించిండు.

ఎండలు ముదిరినంక మల్ల కొత్తగ చేసిండు. రాయి లేదు, మోకు లేదు. రంపం బ్లేడు ముక్కలు కాళ్ళకు పళ్ళ లెక్క పెట్టిండు. తన ఫోను మర నెత్తికి కట్టి, కౌసల్య ఫోనుకు వీడియో కాల్ కలిపిండు. పళ్ళు కసుక్కుకసుక్కున దిగినయి, మర ఎక్కింది, ఆకులల్లకు పోయి ఆగింది. ఈయన కింద ఫోను మొఖం కాడ పెట్టుకొని చూస్తున్నడు. వాగు వంపు కనపడ్డది, పొలాల మీద లేత ఎండ కనపడ్డది, పక్క చెట్టు మీద సాంబయ్య కనపడ్డడు. సాంబయ్య ఆ మరను చూసి ఒర్రిండంట, "ఏం బావా, ఎప్పుడొచ్చినవ్?" ఇన్నరా? ఎప్పుడొచ్చినవ్ అన్నడు! మొగిలిగౌడు ఫోను నోటికాడికి తెచ్చుకున్నడు. "ఇప్పుడేరా" అన్నడంట. ఆ మాట చెట్టు కొనకెల్లి ఇనపడ్డది.

అప్పటిసంది రోజూ పొద్దుగాల మర ఎక్కుడే. గీసుడు లేదు, లొట్టి లేదు, ఉత్త ముచ్చటకే. సాంబయ్యే చెప్పిండు, "బావా, పళ్ళు దిగినకాడ చెట్టు కారుతున్నది, పురుగు పడుతది, ఇగ ఆపు." రేపటిసంది ఆపుత అన్నడు. తెల్లారి మల్ల ఎక్కించిండు. ఇదేందంటే, నిన్న అడుగుదామనుకున్న మాటొకటి ఉండిపోయింది అన్నడంట. ఆ మాట రోజూ ఒకటి ఉండిపోయేది. నేనైతే ఆయనను ఏమనను, మీరు అంటే అనుండ్రి, ఆయన ఎవలి మాట ఇన్నడు గనుక. వానలు పడ్డంక ఆకు పసుపైంది. దసరా పోయినంక చెట్టు నెత్తిన ఉండే మొవ్వు ఊడి పడ్డది. ఆ చెట్టు సచ్చిపోయింది.