గాజు పలకల మీది బిడ్డ

ఆ ఉదయం లైప్‌జిగ్‌లోని శరీరశాస్త్ర భవనానికి మార్తా హెన్‌ష్కే అనే నేతగత్తె వచ్చింది. నెలలు నిండకుండానే ఆమెకు గర్భం పోతే, ఆ పిండాన్ని వైద్యుడు అక్కడికి పంపేశాడు. పిండాలు పెరిగే తీరు మీద పరిశోధన చేసే ఆల్బిన్ ఆమెకు ఎదురొచ్చాడు.

"నా బిడ్డని తీసుకుపోతాను బాబూ. పూడ్చడానికి పాదిరిగారు ఒప్పుకున్నారు."

"అమ్మా, కడుపులో బిడ్డ ఎలా తయారవుతుందో తెలుసుకుందామని దాచాం."

"తెలుసుకున్నారుగా, ఇక ఇచ్చేయండి."

"ఇద్దామంటే... ఒక్కటిగా లేదమ్మా. కాగితం కంటే సన్నగా కోసి, గాజు పలకల మీద అంటించాం."

ఆమె పక్కనున్న కుర్చీ పట్టుకుంది.

"పేరైనా పెట్టారా?"

ఆల్బిన్ తల దించుకున్నాడు. "పెట్టాం. పంపిన డాక్టరుగారి పేరు."

"ఆయన పేరా? మోసింది నేను కదయ్యా!"

"అవునమ్మా."

"ఇక్కడికి పంపేముందు నన్నొక్క మాట అడిగారా?"

"లేదమ్మా. అడగాలని మాకెవరికీ తోచలేదు."

"సరే. నా బిడ్డ గుండె ఎక్కడుందో అదైనా చూపించు."

అతను అరలోంచి ఒక పలక తీసి, కిటికీ వెలుగుకు పట్టి చూపించాడు. ఆమె దాన్ని చేతుల్లోకి తీసుకుంది.

"ఈ చుక్కా? ఇది కొట్టుకునేదా?"

"కొట్టుకునేదమ్మా."

ఇన్నేళ్ల చదువులో ఆ మాట అతను ఎన్నోసార్లు రాశాడు. ఒక తల్లితో చెప్పడం మాత్రం అదే మొదలు.

ఆమె పలకను శాలువాలో చుట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. తిరిగి ఇమ్మని అడగడానికి ఆల్బిన్‌కు నోరు రాలేదు.